ఫలానా హెడ్‌ఫోను

ఎనభైల మొదట్లో దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా బావ అక్కకు ఒక చీర, మేము అవ్వ అని పిలిచే మా అమ్మకు టార్చిలైటు, నాకు సెంటుసీసా, తనకు ఒక హెడ్‌ఫోను తెచ్చుకున్నాడు. మా మూడు వస్తువులూ కలిపి తూచినా ఆ ఒక్కదాని బరువుకు సరిపోవు.

అప్పుడు మేము మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. బాపు బాయిలో డ్రిల్లు మిషను పట్టేవాడు. అక్కను హుజూరాబాద్ దగ్గరి పల్లెకు ఇచ్చారు, కానీ ఆ సెలవంతా ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. బావ దుబాయిలో ఒక సాహెబు దగ్గర కారు డ్రైవరు. ఆ సాహెబుకు పాటలంటే ప్రాణం. వేరే దేశానికి మారిపోతూ తన పాత హెడ్‌ఫోను బావకు ఇచ్చాడు. దాని గురించి మాట్లాడే జబ్బు కూడా అప్పుడే అంటించి పోయినట్టున్నాడు.

"గిది అందరి దగ్గరుండే మామూలు సామాను కాదు. ప్లానార్ మ్యాగ్నెటిక్ అంటరు దీన్ని," అన్నాడు బావ మొదటి రోజే, మమ్మల్నందరినీ కూర్చోబెట్టి.

పక్క క్వార్టరు ఖాలా కూడా టీ తాగడానికి వచ్చి కూర్చుంది. "ఫలానా మ్యాగ్నెటా? ఏది బేటా ఫలానా? పేరు చెప్పరాదు?" అంది.

"ఫలానా కాదు ఖాలా, ప్లానార్. దీని లోపల ఒక పొర ఉంటది. ఉల్లిగడ్డ పొర కన్న పలుచగుంటది. దానికి రెండు దిక్కుల అయస్కాంతాలు. నడుమల పొర వణుకుతది. గా వణుకుడే పాట."

"చలిజరం లెక్కనా?" అంది అవ్వ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు ఫలానా.

నల్లటి తోలు గిన్నెలు రెండు, వాటిని కలిపే ఇనుప పట్టీ. చెవులు మొత్తం అందులో మునిగిపోయేవి. గిన్నెల వెనక రంధ్రాలు లేవు కాబట్టి బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి చప్పుడు బయటికి పోదు అని బావ గొప్పగా చెప్పాడు. గాలి కూడా రాదని చెప్పలేదు. ఎండాకాలం మందమర్రిలో ఒక పాట పూర్తిగా విన్నవాళ్లకు చెవుల కింద నుంచి చెమట ధార కట్టి మెడ మీదకు దిగేది. "మంచి పాటకు చెమట పడుతది," అనేవాడు బావ, తుడుచుకుంటూ.

ఎక్కడికైనా తీసుకుపోవచ్చు అన్నది దాని రెండో గొప్ప. బావ దగ్గర జేబులో పట్టే చిన్న టేప్ ఉండేది. దానికి తగిలిస్తే పాట ఎక్కడో ఇచ్చోడ అవతల పాడుతున్నట్టు వినిపించేది. ఆ అయస్కాంతాలను కదిలించే బలం పాపం చిన్న టేప్‌కు లేదు. అందుకని ఇంట్లో ఉన్న, రేడియో, టేప్ కలిసిన పెద్ద టూ-ఇన్-వన్‌కు తగిలించాల్సి వచ్చింది. అంటే, టూ-ఇన్-వన్‌ను, దాని నిండా బ్యాటరీలను మోయడానికి వెనక ఒక మనిషి ఉంటే ఫలానాను ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఆ మనిషి అక్క.

చుట్టాల పెళ్లికని ఇద్దరూ నిజంగానే ఇచ్చోడకు బస్సులో బయలుదేరారు. పెద్ద టేప్ అక్క ఒళ్లో, హెడ్‌ఫోను బావ తల మీద. "నువ్వు పండుకో, ఊరు రాంగనే నేను లేపుత," అని మాట ఇచ్చాడు. కండక్టరు "ఇచ్చోడ, ఇచ్చోడ" అని గొంతు చించుకున్నా లోపలి పాటకు ఏ భంగమూ కలగలేదట. ఇద్దరూ గుడిహత్నూరులో దిగి, జొన్న బస్తాల లారీ ఎక్కి వెనక్కి వచ్చేసరికి పెళ్లి భోజనాలు అయిపోయి ఆకులు కూడా ఎత్తేశారు. ఇంటికి రాగానే అక్క టేప్‌ను నేల మీద పెట్టిన చప్పుడు ఖాలా ఇంటి దాకా వినిపించింది.

ఇక వినడం సంగతి. బావ పాట వినిపించి ఊరుకునేవాడు కాదు. పాట అయిపోగానే పరీక్ష పెట్టేవాడు.

"ఏమిన్నవ్?"

"పాట విన్న బావా."

"పాట అందరు వింటరు. తబల మీద వేలు రాసుకున్నది విన్నవా? పాడేటాయన ఊపిరి గుంజుకున్నది విన్నవా?"

ఇంటర్‌లో కెమిస్ట్రీ ఎలాగూ తప్పాను, ఇందులోనైనా పాసవుదామని "విన్న, రెండుసార్లు గుంజుకున్నడు" అని చెప్పేదాన్ని. బావ కళ్లు మెరిసేవి. అవ్వ మాత్రం పొయ్యి మీద అన్నం మాడుతుందని ఒక చెవికే పెట్టుకొని, రెండో చెవి వంటింటి వైపు ఉంచేది. "నీకు సగమే తెలుస్తది అత్తా," అని బావ బాధపడేవాడు. "సగం అన్నమన్న ఉంటది కదా బిడ్డా," అనేది అవ్వ.

ఖాలా ఒక్కతే ఉన్నమాట చెప్పింది. గజల్ మొత్తం కళ్లు మూసుకొని విని, గిన్నెలు తీసి, చీర కొంగుతో చెవులు తుడుచుకుంది. "పాట మంచిదే బేటా. కని గా పాడేటాయన గొంగడి కప్పుకొని పాడుతుండు. జర మొఖం మీదికెల్లి తీయమను," అంది. బావ దానిని గొంగడి అనరనీ, గంభీరం అంటారనీ ఆమెకు చాలాసేపు వివరించాడు.

బాపు వంతు వచ్చింది. ఏళ్ల తరబడి డ్రిల్లు చప్పుడులో పనిచేసి బాపు చెవులు మొద్దుబారాయి. మామూలు మాట చెప్పినా గట్టిగా అరిచి చెప్పాలి. కాసేపు పెట్టుకొని "ఏమొస్తలేదే," అన్నాడు.

"చప్పుడు ఎక్కువ రాదు మామా. సాఫ్ వస్తది."

"ఆఁ?"

"సాఫ్! సాఫ్!"

"సాపా? సాప ఎందుకు, కుర్సీల కూసున్న గద," అని బాపు హెడ్‌ఫోను తీసి ఇచ్చేశాడు. ఈ ఇంట్లో సంగీతం తెలిసినవాళ్లు లేరని బావకు ఆ రోజు రూఢి అయింది.

తొలకరి పడింది. ఒక మధ్యాహ్నం, షిఫ్టు మారే వేళ కాని వేళ, బాయి సైరన్ మొదలైంది. వేళ కాని వేళ సైరన్ మోగితే ఏమిటో మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అవ్వ చేతిలో పిండి అలాగే ఉంది. అక్క తడి జుట్టుతో ఉంది. "మీ బాపు లోపటున్నడే," అని అవ్వ ఒక్క కేక వేసి గడప దాటింది. మేమిద్దరం వెనకే పరుగెత్తాం. ముందు గదిలో కుర్చీలో బావ కూర్చునే ఉన్నాడు. అక్క "ఉరుకు!" అని అరుస్తూ పోయింది. వస్తున్నాడనే అనుకున్నాం.

బాయి గేటు దగ్గర కాలనీ అంతా ఉంది. ఎవరూ పెద్దగా ఏడవడం లేదు. కొంతసేపటికి ఒక ఆఫీసరు వచ్చి, వానకు వైరు తడిసి సైరన్ దానంతటదే మోగిందని, లోపల అందరూ క్షేమమేనని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఒక్కొక్కరే పైకి వస్తుంటే ఒక్కొక్క కుటుంబం నమ్మింది. మా బాపు రాలేదు. ఆయనతో పనిచేసే ఒకాయన "అవుతలి దారికెల్లి ఎప్పుడో పైకొచ్చిండు వదినా, ఇంటికి వోయిండు," అన్నాడు. "నా కండ్లతోని చూస్తెనే," అంది అవ్వ. మళ్లీ పరుగు.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ముందు గదిలో కుర్చీలో బాపు ఉన్నాడు. ముఖం నిండా బొగ్గు, తల వెనక్కి వాలి ఉంది, కళ్లు మూసుకొని ఉన్నాయి.

"ఓ అయ్యా!" అంది అవ్వ. పలకలేదు. "ఓ అయ్యా!" అని మళ్లీ అరిచి, గుమ్మంలోనే కూలబడి కాలనీ అంతా వినేలా ఏడుపు ఎత్తుకుంది. అక్క ముందుకు పోయి భుజం పట్టుకొని కుదిపితే బాపు ఉలిక్కిపడి లేచాడు. అప్పుడు చూశాను, ఆయన చెవుల మీద ఫలానా.

వంటింట్లోంచి బావ టీ గ్లాసు పట్టుకొని వచ్చి, "ఏమైంది అత్తా?" అన్నాడు.

జరిగింది బాపు తర్వాత చెప్పాడు. పైకి వచ్చి, సంగతి తెలుసుకొని, మేము పరేషాన్ అవుతామని అడ్డదారిన ఇంటికి వచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. అల్లుడు ఒక్కడే కళ్లు మూసుకొని తల ఊపుతున్నాడు. బాపు అతని చెవి మీది గిన్నె లేపి "అందరు ఏడికి వోయిన్రు?" అని అడిగాడు. "ఎవలు?" అన్నాడట బావ. ఏం చేయాలో తోచక బావ మామకు ఫలానా పెట్టి, వాల్యూం మొత్తం తిప్పి, టీ పెట్టడానికి పోయాడు.

అక్క బావ ముందు నిలబడింది. ఇచ్చోడ నుంచి దాచుకున్నదంతా బయటికి వచ్చింది. "ఊరంత ఉరికింది. కుక్కలు సుత ఉరికినయి. మా బాపు సచ్చిండో బతికిండో తెల్వక మేం ఉరుకుతుంటె నువ్వు తల ఊపుకుంట కూసున్నవు!"

"నాకు ఇనవడలే," అన్నాడు బావ. జీవితంలో మొదటిసారి తనకు ఒకటి వినపడలేదని ఒప్పుకున్నాడు.

"ఊపిరి గుంజుడు ఇనవడుతది గని సైరన్ ఇనవడదా?"

అవ్వ లేచి, ముక్కు చీది, పిండి చేత్తోనే బాపు వీపు మీద ఒకటి వేసింది. బతికి ఉన్నందుకు. బాపు మాత్రం అల్లుని పక్షమే పట్టాడు. "గాయిన ఒక్కడన్న ఇంట్ల ఉన్నడు. మీరందరు పోతిరి. నాకు టీ ఎవలు పెడుదురు?" ఆ టీ మాత్రం చల్లారిపోయింది. చక్కెర కూడా వేయలేదు.

సెలవు అయిపోయి బావ దుబాయి పోయేటప్పుడు హెడ్‌ఫోను అడగడానికి నోరు రాలేదు. అక్క దాన్ని చూసే చూపు అలా ఉండేది. అది మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇంట్లో ఎవరూ లేని ఒక రోజు నేనూ పెట్టుకొని పాట విన్నాను, పరీక్ష భయం లేకుండా. ఖాలా చెప్పిన గొంగడి నిజమే. కానీ పల్లవి ఎత్తుకునే ముందు పాడే మనిషి నిజంగానే ఊపిరి తీసుకున్నాడు, నా పక్కనే కూర్చున్నట్టు. ఈ సంగతి బావకు ఉత్తరంలో రాయలేదు. రాస్తే ఇంకొకటి తెస్తాడు.

బాపు మాత్రం రోజూ షిఫ్టు నుంచి రాగానే స్నానం చేసి దాన్ని పెట్టుకొని మంచం మీద వాలేవాడు. ఒక రోజు చూస్తే దాని తీగ టేప్‌కు లేదు, మంచం కోడుకు చుట్టి ఉంది. ఒక గిన్నె లేపి, "ఏం వింటున్నవ్ బాపూ?" అని గట్టిగా అడిగాను.

"ఏం లేదు బిడ్డా. మంచిగున్నది," అని గిన్నె మళ్లీ చెవి మీదకు లాక్కున్నాడు.

బావ చూస్తే గుండె పగిలేది. అవ్వ మాత్రం ఆ సంగీతాన్ని ఎక్కువసేపు సాగనిచ్చేది కాదు. కిరాణా సామానో, ఆయన అన్న కొడుకు పెళ్లి మాటో గుర్తు రాగానే పోయి, మంచం కోడు దగ్గర తీగ పట్టుకొని ఎద్దు పగ్గంలా ఒక్క గుంజు గుంజేది. బాపు లేచి కూర్చొని, "ఆఁ, చెప్పు," అనేవాడు.