చిత్త గడిలో సున్న

మొన్న క్రిస్మస్ ముందురోజు పొద్దున నేను కుట్టు దుకాణం షట్టరు ఎత్తుతుంటే, పక్క చాయ్ హోటలతను గ్యాసు అయిపోయిందని, వెనక పడేసిన పాత కట్టెలతో పొయ్యి ముట్టించాడు. ముందురోజు జల్లు పడింది కాబట్టి కట్టెలు తడిసి ఉన్నాయి. మంట రాలేదు, పొగ వచ్చింది. చలికి అణిగిపోయి, పైకి పోలేక, ఆ పొగ సందులోనే అటూ ఇటూ తిరిగి నా దుకాణంలో వేలాడదీసిన జాకెట్లకు పట్టుకుంది. తడి చింతకట్టె వాసన. కళ్లు మండుతుంటే తల ఎత్తి చూశాను. పైన మబ్బు ఉందో, ఉన్నదంతా పొగేనో తెలియలేదు. ముప్పై ఏళ్ల కింద కూడా నాకు ఇదే తెలియలేదు.

నేను తొమ్మిదో తరగతి దాకా చదివాను. తరువాతి లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నాను, గుడ్డ మీద, టేపు మీద, క్యాలెండరు గడుల మీద. మీటరుంబావు గుడ్డలో ఎన్ని ముక్కలు తీయవచ్చో మనసులో కత్తిరించి చూసుకోగలను. నా లెక్క తప్పిందని ఎవరైనా అంటే మళ్లీ మొదటి నుంచి వేసి చూపిస్తాను. అట్లా చూపించలేకపోయిన లెక్క నా బతుకులో ఒక్కటే ఉంది. అది నా పదకొండో ఏట, మెదక్‌లో, క్రిస్మస్ వారంలో వేసినది.

అప్పుడు మా ఇల్లు పెద్ద చర్చి వెనక వీధిలో ఉండేది. నాన్న లారీ మీద పోయేవాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. తాత, నాయనమ్మ, అమ్మ, నేను, పెళ్లికాని చిన్నాయన నర్సింలు ఆ ఇంట్లో ఉండేవాళ్లం. ఎల్దుర్తి దారిలో చెరువు కింద మాకు ఎకరం ముప్పై గుంటల పొలం ఉండేది. పొలానికి పోయేది చిన్నాయన, పొలం గురించి ఆలోచించేది తాత. తాతకు రెండు కళ్లలోనూ పొరలు వచ్చాయి. మనిషి నీడ కనబడేది, మొహం కనబడేది కాదు. అయినా ఏ కార్తె ఎప్పుడు ప్రవేశిస్తుందో, ఏ కార్తెలో ఏ గింజ వేయాలో వేళ్ల కణుపుల మీద చెప్పేవాడు.

తాతకు మూల కార్తె అంటే పరీక్షల కాలం. డిసెంబరు నడుమ మొదలై పదమూడు రోజులుండే ఆ కార్తెలో, ఒక్కొక్క రోజు వచ్చే వానాకాలంలో ఒక్కొక్క కార్తెకు గుర్తని ఆయన లెక్క. మొదటి రోజు మృగశిరకు, రెండో రోజు ఆరుద్రకు, అట్లా పోయి పదమూడో రోజు అనూరాధకు. ఏ రోజు మబ్బు, మా మాటలో మొగులు, పడితే ఆ కార్తెలో వాన ఉంటుంది, ఏ రోజు ఆకాశం ఖాళీగా ఉంటే ఆ కార్తె ఎండుతుంది. మంచుకు లెక్క లేదు, మంచు విడిచాక పైన ఏముందో అదే లెక్క. సగం మబ్బు అనే మాట కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు. వసారా గోడ మీద నేను బొగ్గుతో పదమూడు గడులు గీసి, మబ్బుకు సున్న, ఖాళీ ఆకాశానికి గీత పెట్టేదాన్ని. తాత కళ్లు పోయిన ఏడాది నుంచీ ఆ పని నాది. అందుకు నాకు ఎంత గర్వమో, బళ్లో హాజరు వేసే టీచరుకు కూడా అంత ఉండదు.

ఆ ఏడు ఆ గడుల మీద ఒక పందెం పడింది. పటాన్‌చెరు దిక్కున కొత్త కంపెనీలు వస్తున్న రోజులవి. చిన్నాయన స్నేహితుడొకడు అక్కడ పనికి కుదిరి, జనవరి ఒకటిన గేటు దగ్గర ఉంటే నిన్నూ తీసుకుంటారని కబురు పంపాడు. అంతకుముందు రెండేళ్లుగా చెరువు నిండలేదు. జొన్నరొట్టెలు తింటూ తండ్రీ కొడుకులు మాటా మాటా అనుకున్నారు.

"నీ మొగులు చూసుకుంట కూసుంటే గింజలు పండుతయా నాయినా? చెరువుల నీళ్లుంటే నేనెందుకు పోత?" అన్నాడు చిన్నాయన.

"మొదటి వానలు ఎట్లనో అట్ల పడ్తయిరా. పొట్టకచ్చినప్పుడు పడేయే పంట. ఉత్తర, హస్త, చిత్త, ఈ మూడింట్ల రెండు మొగులైతే నువ్వుండాలె. లేకుంటే పో, నేనొద్దన."

"నీ కండ్లకు ఎప్పుడూ మొగులే గదనే."

నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తాతకు కూడా నవ్వు వచ్చింది గానీ మింగేశాడు. "అందుకే నేను చూడ. పొల్ల చూస్తది. దాని లెక్క తప్పదు," అన్నాడు.

చిన్నాయన పోతాడంటే నాకు అన్నం సహించలేదు. ఆయన నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పొలానికి తీసుకుపోయేవాడు. ముందు చక్రానికి పుల్లలు ముప్పై రెండు, వెనక చక్రానికి నలభై అని నాకు తెలిసింది, ఎనిమిదో ఎక్కం వచ్చింది ఆ సైకిల్ దగ్గరే. కానీ నేను అబద్ధం రాస్తానని నాకు అప్పుడు అనిపించలేదు. గడి గడే, చిన్నాయన చిన్నాయనే అనుకున్నాను.

ఇరవై రెండున పొద్దున తలుపు తీస్తే ఎదుటి గోడ కనబడనంత మంచు. ఆ మంచులోంచి ముందు ఎడ్ల మెడగంటలు, తరువాత ట్రాక్టరు చప్పుడు, తరువాత మనుషులు వచ్చారు. కౌడిపల్లి, నిజాంపేట దిక్కు నుంచి పండుగకు వచ్చే కుటుంబాలవి. బొంతలు, బియ్యం మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు, అన్నింటి మీద కట్టెల మోపులు. చర్చి చుట్టూ మైదానంలో తలా ఒక జాగా పట్టుకుని, మూడు రాళ్లు పెట్టుకుని, పండుగ అయిపోయే దాకా అక్కడే వండుకుని అక్కడే పడుకునేవాళ్లు. పది గంటలకు మంచు విడిస్తే మాడు మండేంత ఎండ. గీత పెట్టాను.

ఇరవై మూడు ఉత్తర రోజు. పక్కింటి టీచరమ్మ వాళ్లది క్రిస్టియన్ ఇల్లు. ఆమె పండుగకు సకినాలు చుట్టడానికి ఏటా మా నాయనమ్మే పోయేది. తడి బియ్యప్పిండిలో ఓమ, నువ్వులు కలిపి, తెల్లబట్ట మీద వరుసకు తొమ్మిది చొప్పున ఆమె చుట్టుకుంటూ పోతుంటే, నేనూ టీచరమ్మ బిడ్డ గ్రేసూ వరుసలు లెక్కపెడుతూ కూర్చున్నాం. పన్నెండో వరుస సగంలో ఉండగా జల్లు మొదలైంది. నలుగురం నాలుగు మూలలు పట్టుకుని బట్టను లోపలికి మోశాం. సకినాలు ఆరలేదు, నూనెలో వేస్తే విరిగిపోయాయి, విరిగినవన్నీ మా ఇద్దరికే వచ్చాయి. నాకు ఆ వాన ఎంత ఇష్టమైందో చెప్పలేను. సున్న పెట్టాను. మైదానంలో జనం గోనెసంచులు కప్పుకున్నారు, కట్టెలకు మాత్రం కప్పడానికి ఏమీ లేదు.

ఇరవై నాలుగున, హస్త రోజు, గాలి మారింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఎండలో నిలబడ్డా పళ్లు కొట్టుకునేంత చలి. బొగ్గు పట్టుకుని చాలాసేపు నిలబడి గీత పెట్టాను. తాత వేలితో గోడను తడిమి, "గీతనా?" అన్నాడు. చిన్నాయన తన రెండు చొక్కాలు ఉతికి దండెం మీద వేశాడు.

ఇక మిగిలింది చిత్త గడి. క్రిస్మస్ రోజు పొద్దున గంటలు మోగుతుండగా గ్రేసు నన్ను మైదానానికి లాక్కుపోయింది. అక్కడ అప్పటికే పొయ్యిలన్నీ ముట్టించారు. మొన్నటి జల్లుకు తడిసిన కట్టెలు మండక, పొయ్యి పొయ్యికీ ఒక పొగ స్తంభం లేచి, మనిషి రెండింతల ఎత్తుకు పోయాక చలికి ఒంగి, పక్కదానితో కలిసిపోతున్నది. నేను పొయ్యిలు లెక్కపెడుతూ నూట నలభై ఆరు దాకా పోయి తప్పిపోయాను. కొత్త చీరల గంజి వాసన, కోడికూర మసాలా, కొవ్వొత్తుల మైనం, వీటన్నింటి మీద తడికట్టె. చర్చి శిఖరం సగం దాకే కనబడింది. సూర్యుడు కాలని జొన్నరొట్టెలా తెల్లగా, చూడగలిగేలా ఉన్నాడు.

"ఇది మొగులేనా?" అన్నాను.

"ఏమో. ఖిల్లా ఎక్కుదాం రా, ఆడికెల్లి చూస్తే తెలుస్తది," అంది గ్రేసు.

మా ఊరి ఖిల్లా గుట్ట మీద ఉంది. అరగంటలో ఎక్కవచ్చు. ఎక్కితే ఊరి పొగ కిందుండిపోయేది, పైన ఏముందో తేలిపోయేది. అట్లాంటి పరీక్ష ఒకటి ఉందని పదకొండేళ్ల పిల్లకు తట్టకపోవచ్చు, కానీ గ్రేసు నోరు తెరిచి చెప్పింది. నేను కాళ్లు నొస్తున్నాయన్నాను. నిజానికి నొప్పి లేదు.

మధ్యాహ్నం రెండో వంటకు మళ్లీ పొయ్యిలు ముట్టించారు. ఇంటికి వచ్చేసరికి తాత వసారాలో కూర్చుని ముక్కుతో గాలి పీలుస్తున్నాడు. చిన్నాయన గడప దగ్గర సైకిల్ చైనుకు నూనె వేస్తున్నాడు.

"పొగ వాసనొస్తున్నది బిడ్డా. మొగులేనా, పొగనా?"

"పైన మొగులే తాతా. పొగ కిందనే ఉన్నది."

"మంచిగ చూసినవా?"

"చూసిన."

సున్న పెట్టాను. అది గుండ్రంగా రాలేదు, కోడిగుడ్డులా వచ్చింది. చిన్నాయన తల ఎత్తి గడిని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చైను తిప్పుకున్నాడు. తాత మొహం మాత్రం వెలిగిపోయింది. "మూడింట్ల రెండు," అని తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు.

మర్నాడు ఎండ కళ్లు చెదిరేలా కాసింది. జనం బండ్లు కట్టుకుని పోయారు, మైదానం నిండా బూడిద వలయాలు మిగిలాయి. ఆ మర్నాడు తూర్పు గాలికి మబ్బులు పరుగెత్తాయి, చివరి రోజు మళ్లీ మంచు. ఒక్క వారంలో నాలుగు కాలాలు వచ్చి పోయినట్టుంది. జనవరి ఒకటిన చిన్నాయన గేటు దగ్గర లేడు, పొలంలో బావి పూడిక తీస్తున్నాడు.

ఆ వచ్చిన వానాకాలం చిత్తలో మూడు రోజులు వాన పడింది. చెరువు అలుగు పారింది. గీత పెట్టిన హస్తలో కూడా పడింది, కానీ ఆ తప్పును ఎవరూ పట్టించుకోలేదు. తాత వీధిలో కనబడిన నీడనల్లా ఆపి నా లెక్క గురించి చెప్పాడు. నేను ఆ మాటలు వింటూ, పొగ చూసి రాసిన సున్నకు వాన ఎట్లా పడిందో తెలియక తికమక పడేదాన్ని. అది నిజంగా మబ్బే అయి ఉంటుందా? లేక తాత లెక్కకు ఆకాశంతో పనే లేదా?

ఆ ఒక్క పంటను నమ్ముకుని చిన్నాయన ఇంకా పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాడు. అందులో చెరువు నిండినవి మూడేళ్లు. తాత పోయాడు, రెండు బోర్లు వేస్తే రెండూ దుమ్ము పోశాయి. చివరికి ఆయన పటాన్‌చెరు పోతే, మిషన్ల మీదికి ఐటీఐ చదివిన పిల్లలను తీసుకుంటున్నారు. ఆయనను గేటు దగ్గర కావలికి పెట్టుకున్నారు. తెలంగాణ కొట్లాట రోజుల్లో సెలవు పెట్టి వచ్చి మెదక్ చౌరస్తా టెంటు కింద కూర్చునేవాడు. నీళ్ల మాట వచ్చినప్పుడల్లా ఆయన ముందుకు జరిగేవాడు. నేను వెనక వరుసలో తల దించుకునేదాన్ని.

ఆ తరువాత నేను క్యాలెండరు మీద పదేళ్లు మూల కార్తె రాసి చూశాను. నూట ముప్పై గడుల్లో అరవై ఎనిమిది కలిశాయి. కలిసినట్టా, కలవనట్టా? రెండు రకాలుగానూ వాదించగలను. నా మీద నేను గెలవలేదు.

మొన్న క్రిస్మస్ నాడు చిన్నాయన దుకాణానికి వచ్చాడు. ఇప్పుడు ఆయన కళ్లలోనూ పొరలు మొదలయ్యాయి. చాయ్ తెప్పించి, ముందురోజు పొగ ఇంకా గుడ్డల్లో ఉండగానే, అడిగేశాను.

"చిన్నాయనా, నేను సున్న పెట్టిన దినం మొగులుండెనా, పొగనా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పొగనే. నేను ఖిల్లా ఎక్కి చూసిన గద. పైన సూదంత మొగులు లేకుండె."

"మరి తాతకెందుకు చెప్పలే?"

"చెప్తే పోవాల్నాయె."

ముప్పై ఏళ్లుగా నాదనుకున్న బరువును ఆయన అంత తేలిగ్గా పక్కన పెడతాడని నేను అనుకోలేదు. ఆయన చాయ్ మొత్తం తాగి, మెడకు మఫ్లర్ చుట్టుకుంటూ మళ్లీ అన్నాడు: "కనీ నేను ఎక్కింది గా దినమేనో, మర్నాడో. మర్నాడైతే ఎండనే ఉండె గద. యాదికి వస్తలేదు బిడ్డా."

ఆయన పోయాక బయటికి వచ్చి చర్చి దిక్కు చూశాను. మైదానం పక్కన కార్లు వరుసగా ఆగి ఉన్నాయి. జనం పొద్దున వచ్చి, బిర్యానీ పొట్లాలు తిని, సాయంత్రానికి పోతున్నారు. మూడు రాళ్ల పొయ్యి ఒక్కటీ లేదు, పొగ లేదు. శిఖరం చివరి దాకా కనబడుతున్నది. దాని మీద ఆకాశం తెల్లగా, పలచగా, ఏదో ఒక పేరు పెట్టమన్నట్టు ఉంది. ఖిల్లా కూడా అక్కడే ఉంది, నా కాళ్లు ఇప్పుడు నిజంగానే నొస్తున్నాయి. లోపలికి వచ్చి క్యాలెండరు ముందు పెన్ను పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇరవై ఐదో గడిలో ఏమీ రాయలేదు.