తొమ్మిదిమంది చూసిన కుట్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావారంటారు. ఉంటే ఉందిగానీ, ఆ రోజు డెంటల్ కాలేజీలో ఆ అమ్మాయి మీద వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదే. నా నోట్లో చిన్న అద్దం పెట్టి, పై కోరపళ్లు రెండూ చూసి, "మీరు పళ్లు బాగా గట్టిగా తోముతారాండి?" అని అడిగింది. గట్టిగా తోమక, జోల పాడతారా పళ్లకి?

మా అమ్మ మా అక్కచెల్లెళ్లిద్దరినీ పెరట్లో కూర్చోబెట్టి కచ్చికతో తోమించేది. పిడకలు కాల్చిన బొగ్గు మెత్తగా నూరి, వేలికి అద్దుకుని, పళ్లు కిచకిచలాడేదాకా రుద్దాలి. తర్వాత బ్రష్షులొచ్చినా చేతివాటం పోలేదు. ఏటా ఒక పిసరు చిగురు పైకి జరుగుతూ, యాభై దాటేసరికి కోరపళ్ల వేళ్లు బయటపడ్డాయి. నేను తెనాలిలో ఉంటూ బాపట్లలో హైస్కూలు టీచరుగా చేస్తున్నాను. చలికాలం రైల్లో కిటికీ పక్కన నోరు తెరిస్తే చాలు, పన్ను జివ్వుమని నడినెత్తికి తాకేది.

"కుడిచేతి వాటం కదండి, అందుకే ఎడమవైపు ఎక్కువ అరిగింది," అంది ఆ అమ్మాయి. నేను కుడిచేత్తో తోముతానని నేను చెప్పనే లేదు. పన్ను చూసి చెప్పేసింది. దాంతో నా కోపం సగం దిగింది.

చెరుకుపల్లి వైపు పిల్ల. పళ్ల డాక్టరు చదువు అయిపోయి, చిగుళ్ల మీద పై చదువు చదువుతోంది. ఆమె పరిశోధన ఏమిటో నాకు కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. ఒకే మనిషికి రెండువైపులా రెండు పద్ధతులు. ఎడమ కోరపంటికి నా అంగిలి లోపలి నుంచే గోరంత కండ తీసి కుడతారు. కుడి పంటికి నా రక్తమే కొంచెం తీసి, మిషన్లో గిర్రున తిప్పి, అందులో తేలిన పొరను పెట్టి కుడతారు. ఆర్నెల్లకి ఏ వైపు చిగురు బాగా కప్పిందో కొలిచి రాస్తారు. "మీకు లోపల ఎముక కరగలేదు, అదృష్టమండి. కరిగితే ఎముక పొడి కూడా పెట్టాల్సొచ్చేది," అంది. ఆమెకు కావలసిన పేషెంట్లలో ఆఖరిదాన్ని నేనే.

ఆపరేషన్ అనుకున్నంత బాధేమీ పెట్టలేదు. పంపేటప్పుడు మాత్రం వేలు చూపించి చెప్పింది. "మెత్తటివే తినండి. అక్కడ బ్రష్ వద్దు. కుట్లు విప్పేదాకా పెదవి ఎత్తి చూసుకోవద్దు మేడం. ఎత్తితే ముక్క కదిలిపోతుంది."

"నేనేమన్నా ఐదో క్లాసు పిల్లనా అమ్మా?" అన్నాను.

నిజంగానే నేను ఎత్తి చూసుకోలేదు. అద్దం వైపు కూడా పోలేదు. కానీ మూడో రోజు ఆదివారం వచ్చింది. ఆపరేషన్ అన్నమాట వింటే మావైపు జనం ఊరుకోరు. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని రావాలి, కూర్చోవాలి, ఏమైందో మొదటినుంచి చెప్పించుకోవాలి, చివర్న "ఏదీ, చూడనీ" అనాలి. చూపించకపోతే, "ఏమో, ఏం దాస్తోందో" అని వీధి మలుపు తిరక్కుండానే అనుకుంటారు. అంత ఆపేక్షగా వచ్చినవాళ్లను ఒట్టి చేతుల్తో పంపుతామా? మొదట పక్కింటి పిన్నిగారు అడిగారు. చూపించాను. వెనకింటి సాయిబుగారి భార్య నమలక్కర్లేకుండా సేమ్యా వండి తెచ్చింది. ఆవిడకి చూపించకపోతే ఎలా? మావారు ఫోను లైటు వేసి పట్టుకుని, "ఇదిగో, ఇక్కడ కోసి ఇక్కడ కుట్టారండీ," అని సినిమా హాల్లో దారి చూపించినట్టు చూపించారు. సాయంత్రానికి తొమ్మిదిమంది అయ్యారు.

ఐదో రోజు పొద్దున నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎర్రగా వచ్చాయి. నాలుకకి దారప్పోగు తగిలింది. బస్సెక్కి కాలేజీకి పరుగెత్తాను.

ఎడమవైపు ముక్క అంచు లేచిపోయింది. "ఏమైందండి?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఇడ్లీ కొంచెం గట్టిగా ఉందమ్మా," అన్నాను.

ఆమె పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది. పేజీలో నిలువుగా గీత, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఏం రాస్తున్నావని అడిగాను.

"అంగిలి ముక్క పట్టలేదని రాస్తున్నా మేడం. మెత్తటివి తిన్నా నిలవలేదంటే, ఆ పద్ధతిలో లోపమున్నట్టే కదండి."

ఇరవయ్యేళ్లకు పైగా పరీక్ష హాల్లో చీటీలు పట్టుకుని పిల్లల్ని నిలబెట్టి కడిగేసినదాన్ని. ఇప్పుడు నా అబద్ధం అచ్చులోకి వెళ్లి, దాన్ని చదివి రేపు ఎవరి నోటికో తప్పు వైద్యం చేస్తారు. చెప్పేవి శ్రీరంగ నీతులంటే ఇదే.

"ఇడ్లీ కాదమ్మా, పెదవి ఎత్తి చూపించాను. పరామర్శకి వచ్చినవాళ్లకి."

"ఎంతమందికండి?"

"తొమ్మిదిమందికి."

ఆమె కలం కింద పెట్టింది. తిట్టినా బాగుండేది. "మీది లెక్కలోంచి తీసేయాలి మేడం. ఇంకొకరిని వెతకాలి. వేసవి దాటితే టైం చాలదు," అంది. వాళ్ల సారు వచ్చి మళ్లీ కుట్లు వేశారు. జరిగింది జరిగినట్టు ఆ పేజీలోనే రాసుకుందా పిల్ల.

ఇంటికొస్తూ ఆ మాటే తలుచుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నా పక్కనే కూర్చుని అదే కచ్చికతో తోముకున్న మా చెల్లెలు. రేపల్లెలో ఉంటుంది. ఫోన్ చేస్తే, "నాకేం రోగం లేదక్కా" అంది. పోయిన వేసవిలో ముంజలు ఎలా తిన్నావని అడిగాను. "తినడం మానేశాను, జివ్వుమంటోంది," అంది. కాలేజీకి తీసుకెళ్లాను. రెండు కోరపళ్లూ అచ్చం నావే. ఆ అమ్మాయి మొహం విప్పారింది చూడండి, ఆ పూట నాకు అన్నం సహించింది.

వేసవి సెలవుల్లో దానికి ఆపరేషనయ్యింది. నేను సంచి సర్దుకుని రేపల్లె వెళ్లి, కుట్లు విప్పేదాకా వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అనుకున్నట్టే జనం దిగారు. మా చుట్టాల్లో ఒక పెద్దమ్మ ఎండలో నడిచొచ్చి, "ఏదీ అమ్మాయ్, చూడనీ," అంది.

"చూపించకూడదు పెద్దమ్మా," అన్నాను.

"నాక్కూడానా?" అని బత్తాయిల సంచి కింద పెట్టబోయి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

ఏం చేయను? అప్పటికి నాది మానిపోయి మూడు నెలలు దాటింది. ఎడమవైపు వెంట్రుకవాసి వేరు కనిపించడం తప్ప, చన్నీళ్లు తాగినా పన్ను ఉలక్కుండా ఉంది. "కావాలంటే నాది చూడు, అదే పద్ధతి, అదే డాక్టరు," అని పై పెదవి ఎత్తాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూసి, "బానే కుట్టారే," అని సంచి కింద పెట్టింది. వెనకాల మా చెల్లెలు నవ్వకూడదని తలగడలో మొహం దాచుకుంది. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ నాదే చూపించాను.

కుట్లు విప్పే రోజున ఆ అమ్మాయి మా చెల్లెలి పెదవి ఎత్తి, ఒక్కొక్క కుట్టే లెక్కపెట్టుకుంది. ఒక్కటీ కదల్లేదు. పుస్తకంలో గీతకి రెండువైపులా రాసి, తలెత్తి నా వైపు చూసింది.

"మేడం, మీ పై పెదవి వాచిందేంటండి?"

"పదకొండుమంది," అన్నాను.