తిరగలికి కక్కు కొట్టిన వేళ

2005లో దుబాయ్‌లో ఒక విల్లాలో తోటమాలిగా ఉండేవాణ్ణి. అలంకారానికని ఇంగ్లండులోని ఏదో ఎస్టేటు నుంచి, విక్టోరియా రాణి కాలంనాటి పిండిమర రాళ్లు రెండు తెప్పించారు. నా బట్టతలకంటే నున్నగా అరిగిపోయాయి. అరిగిన తిరగళ్లను మళ్లీ గరుకు చేసేందుకు కక్కు కొట్టే ఇంట్లో పుట్టినవాడి చెయ్యి ఊరుకుంటుందా? ఉలితో ఒక రాయికి శుభ్రంగా గాట్లు పెట్టేశాను.

మేనేజరు రహీం భాయ్ హైదరాబాదీ. చూసి గుండెలు బాదుకున్నాడు. "అరే పాగల్! పాతదనే గదా కొన్నరు! ఖలాస్, నీ వీసా క్యాన్సిల్!"

రాళ్లతో వచ్చిన ముసలి ఇంగ్లీషాయన ఒకప్పుడు ఆ మరలోనే రాళ్లకు గాట్లు కొట్టే పని చేశాడట. గాట్లు తడిమి, నా చెయ్యి లాగి తన చేతి పక్కన పెట్టాడు. ఇద్దరి చేతుల మీదా ఉలి నుంచి ఎగిరి చర్మంలో దిగిన ఉక్కు నలుసుల నల్లమచ్చలే! నవ్వి ఏదో అన్నాడు.

"రెండో రాయి గూడ నువ్వే కొట్టాల్నంట. యల్లా, కానియ్ ఉస్తాద్!" అన్నాడు రహీం భాయ్.

పావుగంటలో పాగల్ నుంచి ఉస్తాద్! నా సర్వీసు మొత్తంలో వచ్చిన ప్రమోషన్ అదొక్కటే.