కోటా చక్కెర

మా అండాలుకు నౌకరీ పక్కా అయింది! పట్నంలోని కంప్యూటర్ కంపెనీ నుంచి కాయితం వచ్చింది. ఆరు నెలల ట్రైనింగు గట్టెక్కింది, ఇక మా బిడ్డ ఆ కంపెనీ మనిషి. అయితే ఈ మాట అందరికన్నా ముందు వినవలసిన మనిషి శుక్రవారం తెల్లవారుతుండగా కన్నుమూశారు. కాయితం సోమవారం వచ్చింది. మూడు రోజులు! పోస్టుమాన్ సంచిలో ఏ మూల పడుకుందో గానీ మూడు రోజులు ఆలస్యం చేసింది.

ఆయన రామన్నపేటలో టైపు నేర్పే సారు. ఆయన శిష్యులు ఆయన జ్ఞాపకార్థం ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట, నన్ను కూడా రాయమన్నారు. నేను ఏడో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత గొర్రెల వెంట పోయాను. నా రాతలో తప్పులుంటే దిద్దుకోండి. నా సంతోషాన్ని మాత్రం దిద్దకండి. చావు కబురు పక్కన ఈ సంబరం ఏమిటని ఎవరైనా అడిగితే, ఇది సారు సంబరం అని చెబుతాను.

బస్టాండు వెనక రేకుల గది, అందులో ఆరు టైపు మిషన్లు. దాని వెనకే పరదా అడ్డం పెట్టుకుని సారు కుటుంబం ఉండేది. సారు గడప బయట స్టూలు వేసుకుని, చాయ్ గ్లాసు పట్టుకుని, గదికి వీపు పెట్టి కూర్చునేవారు. చూడరు, వింటారు. విని అక్కణ్ణుంచే కేక వేస్తారు.

"మూడో నంబర్! చిటికెన వేలు నిద్రపోతాంది, జర లేపు!"

మూడో నంబరు మిషన్ మీద కూర్చునేది మా అండాలు. మొదటి రోజు సారు తన గళ్ళ తువ్వాల తీసి పిల్ల చేతుల మీద కప్పారు.

"సారూ, అక్షరాలు కనవడ్తలేవు."

"కండ్లతోని ఏం పని బేటీ? వేళ్లే దేవులాడుకుంటయి."

మా ఊరి నుంచి పొద్దున రామన్నపేటకు ఒకటే బస్సు. అది ఏనాడూ వేళకు రాలేదు. క్లాసు ఏడింటికి మొదలు. బస్సు వచ్చేదాకా సారు ఆ తువ్వాలను మూడో నంబరు మిషన్ మీద పరిచి ఉంచేవారు. ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. మా బామ్మర్ది కొడుకు కూడా అక్కడే నేర్చుకునేవాడు. సైకిల్ మీద అందరికన్నా ముందు వచ్చేవాడు. మంచి పిల్లవాడు, తెలివిగలవాడు. ఒకరోజు మిషన్లన్నీ నిండిపోయి మూడో నంబరు ఒక్కటే మిగిలింది.

"ఖాళీగనే ఉన్నది గద సారూ, నేను కూసుంటే ఏంబోతది?"

"బస్సు లేటైతే పిల్ల తప్పా? నీకు సైకిల్ ఉన్నది, ఆ పిల్లకు లేదు. ఆమె వచ్చి నీకన్న ఎక్కువ తప్పులు కొడితే అప్పుడడుగు."

తర్వాత సారు ఎక్కడి నుంచో ఒక పాత కంప్యూటర్ తెచ్చారు. దానికీ అదే తువ్వాల, అదే కేక. మా అండాలు తెలుగు మీడియంలో డిగ్రీ చదువుతూ దాని ముందు మూడేళ్లు కూర్చుంది.

పట్నంలోని ఆ కంపెనీ అంతకుముందు పెద్ద కాలేజీల పిల్లలనే పిలిచేది. ఆ ఏడు చిన్న ఊళ్లకు కూడా కబురు పంపింది. తీసుకునేవాళ్లలో కొన్ని సీట్లు పల్లెల ఆడపిల్లలకు అట్టిపెట్టామంది. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. సారు మా అండాలును, మా బామ్మర్ది కొడుకును ఒకే బస్సెక్కించి పంపారు. మా బిడ్డకు పిలుపు వచ్చింది. వాడికి రాలేదు.

కాలేజీ గుమాస్తా నాతో, "మీ పిల్లకు కోటాల వచ్చింది," అన్నాడు.

నాకు తెలిసిన కోటా ఒక్కటే, కంట్రోల్ దుకాణంలో ఇచ్చేది. కాబట్టి బిడ్డను కంపెనీలో దించడానికి పోయేటప్పుడు రేషన్ కార్డు కవర్‌లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. గేటు దగ్గర జవానుకు చూపించాను. లోపల బల్ల దగ్గరున్న అమ్మగారికీ చూపించాను. "దీంట్ల మా బిడ్డ పేరున్నదమ్మా, జర చూడుండ్రి," అన్నాను. ఆమె నవ్వు ఆపుకుంది, జవాను ఆపుకోలేదు. మా బిడ్డ నేలకేసి చూసింది. నాకు సంగతి తిరుగు బస్సులో అర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేదు.

సారుకు చెబితే దగ్గు వచ్చేదాకా నవ్వారు. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగారు.

"యాదగిరి భాయ్, నెలనెలా కోటా చక్కెర తెచ్చుకుంటవు గద. చప్పగుంటదా?"

"ఎందుకు చప్పగుంటది సారూ? చక్కెర చక్కెరే."

"గంతే మరి. కార్డు జేబుల పెట్టుకో, తలకాయ పైకెత్తు."

తల ఎత్తే ఉంచడం అంత తేలికగా లేదు. ఒకరోజు చాయ్ హోటల్లో మా బామ్మర్ది అందరి ముందూ పట్టుకున్నాడు.

"బావా, నా కొడుకు జాగల నీ బిడ్డ కూసున్నది. ఆడపిల్లల కోటా లేకుంటే ఎవలు పిలుస్తుండె ఆమెను?"

పక్క బల్ల దగ్గరున్న సారు గ్లాసు కింద పెట్టారు.

"నీ కొడుకు నా శిష్యుడే. మంచిగ కొడ్తడు. వానికి రాకపోతే నాకూ కష్టమే. గని ఒక్కటి చెప్పు. ఇన్నేండ్లు ఆ కంపెనోల్లు పట్నంల నాలుగు కాలేజీలకే పోయిండ్రు. రామన్నపేటకు ఎన్నడన్న వచ్చిండ్రా?"

"రాలే."

"గదేం కోటా?"

"గది కోటా ఎట్లయితది సారూ?"

"పేరు పెట్టలేదు, గందుకే నీకు కనవడ్తలేదు. నీ కొడుకూ, ఈయన బిడ్డా ఇద్దరూ దాని బయటనే నిలవడ్డరు. ఇయ్యాల జరంత తలుపు తెరిస్తే ఒకరు పోయిండ్రు. పోయినామెను గుంజుతవా, తలుపును ఇంక తెరువుమంటవా?"

హోటలాయన "సారుకు ఇంకో చాయ్, నా తరఫున," అన్నాడు. మా బామ్మర్ది మాత్రం కరగలేదు.

"మాటలు మంచిగనే ఉన్నయి సారూ. గని నా కొడుకు ఇంట్ల కూసున్నడు," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ మాట సారుకు గుచ్చుకుంది, నేను చూశాను. మర్నాడే ఆ పిల్లవాణ్ణి పిలిపించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. "వచ్చే ఏడు మల్ల పరీక్ష ఉన్నది, మూతి ముడుసుకుంటే వేళ్లు ఆడయి," అన్నారట.

ట్రైనింగు మూడో నెలలో మా అండాలు సంచితో సహా ఇంటికి వచ్చేసింది.

"బాపూ, నేనిగ పోను."

"ఏమైంది బిడ్డా?"

"తప్పు చేస్తే కోటా గద అంటరు. మంచిగ చేస్తే ఎవలు చేసిచ్చిండ్రు అంటరు. నా పేరు పిలిస్తే నవ్వుతరు. నేను ఏం చేసినా గాడ లెక్కలకే రాదు."

రాజీనామా కాయితం కూడా ఇంగ్లీషులో రాసుకుని తెచ్చింది. నేను ఏం చెప్పగలను? బిడ్డను తీసుకుని సారు దగ్గరికి పోయాను. అప్పటికే ఆయన ఆయాసంతో పరదా వెనక మంచం పట్టి ఉన్నారు. కాయితం కళ్ల దగ్గర పెట్టుకుని చదివారు.

"రెండు తప్పులున్నయి బేటీ. రాజీనామా అన్న మంచిగ రాయాలె గద. పో, మూడో నంబర్ల కొట్టుకొని రా. తప్పు లేకుంట వస్తే నేనే పోస్టుల ఏపిస్త."

బిడ్డ పోయి కూర్చుంది. టకటకా మొదలైంది. సారు కళ్లు మూసుకుని వింటున్నారు. మూడు నాలుగు వరసలయ్యాక చప్పుడు ఆగిపోయింది.

"ఏమాయె మూడో నంబర్?"

సారు పరదా వైపు చెవి పెట్టారు.

"చిటికెన వేలు మల్ల పండుకున్నదా?"

"లేదు సారూ." బిడ్డ గొంతు పరదా అవతల నుంచి వచ్చింది. "ఈ పని నాకు చేతనైతలేదు అని రాసిన కాయితంల. వేళ్లు ముందుకు పోతలేవు."

"ఎందుకు పోతలేవు?"

"అది అబద్ధం సారూ. నాకు చేతనైతది."

సారు కళ్లు తెరిచి నా వైపు చూశారు. ఆ మొహంలో వెలుగు నేను చచ్చేదాకా మరచిపోను.

"మరి అబద్ధం కొట్టకు. ఇగ విను. తువ్వాలేసి నీకు మిషన్ ఆపిపెట్టుడు నా పని. కొట్టుడు నీ పని. నేను ఆపిపెట్టిన్నని నువ్వు కొట్టింది నాది అయితదా? ఎవలన్న కోటా అంటే, అవును కోటానే, ఏం చేస్తవు అను. అని పని చేసుకో."

మర్నాడు అదే లేటు బస్సెక్కి మా బిడ్డ వెళ్లిపోయింది. ఆ సగం కొట్టిన కాయితం నా పెట్టెలో ఉంది.

శుక్రవారం మందలో ఉండగా కబురు అందింది. ఉరికాను. జుమ్మా నమాజు తర్వాత సారును ఖబరస్తానుకు తీసుకుపోయారు. పాడెకు నాకు ముందు భుజం పట్టింది ఎవరో చూస్తే మా బామ్మర్ది. వాడి కొడుకు గది ముందు సారు కూర్చునే స్టూలును గోడకు ఆనించి, పక్కనే నిలబడి ఉన్నాడు.

సోమవారం కాయితం వచ్చింది. మా ఇంటామె లడ్డూలు చేద్దామంది. నేను వద్దన్నాను. కంట్రోల్ దుకాణానికి పోయి, ఈ నెల చక్కెర తెచ్చి, పొట్లాలు కట్టాను. ప్రతి పొట్లం మీదా నా చేత్తో "కోటా చక్కెర" అని రాశాను. చప్పగా ఉందని ఎవరైనా అంటే నా ముందుకు వచ్చి అనమనండి. ఇక కబురు, పొట్లం అందవలసిన వాళ్లు:

జడ్చర్లలో మా పెద్దక్క. ఆడపిల్లకు ఇంత చదువెందుకన్నది ఆమే, కాబట్టి రెండు పొట్లాలు.

మోత్కూర్‌లో మా తమ్ముడు, మరదలు.

మా అత్తమ్మ. చెవులు వినపడవు, నోట్లోనే పోసి చెప్పాలి.

మా బామ్మర్ది. తలుపు దగ్గర ఇచ్చి రాను, లోపలికి పోయి కూర్చుంటాను.

వాడి కొడుకు. ఈ ఏడు పరీక్షకు మా అండాలు దగ్గరుండి తీసుకుపోతానంది.

సారు ఇంటామె. మా బిడ్డకు చాచీ, నాకు చెల్లె. ఆమెకు నిన్ననే ఇచ్చాను. చిటికెడు నోట్లో వేసుకుని, ఏడుస్తూనే "తియ్యగున్నది అన్నా," అంది.

సారు. ఆయన పొట్లం మూడో నంబరు మిషన్ మీద, గళ్ళ తువ్వాల కింద పెట్టి వచ్చాను. ఈ పొద్దున పోయి తువ్వాల ఎత్తి చూస్తే, చీమలు ఒక్కొక్క అక్షరం మీదుగా, అస్సలు చూడకుండా, వరసగా నడుస్తున్నాయి.