వెనక నుంచి వచ్చేవాళ్లు

నేను అంగళ్లు అనే ఊళ్లో నాలుగేళ్లు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. చదివాను అనడం కంటే, కాలేజీ బస్సులో మదనపల్లెకూ అంగళ్లకూ నాలుగేళ్లు తిరిగాను అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆ చదువు ఇంతవరకు ఒక్కసారే పనికొచ్చింది. ఆ ఒక్కసారీ రాకుండా ఉంటే బాగుండేది.

పుంగనూరులో మా మేనమామ ఇల్లు. ముందు వరండా, వెనక దొడ్డి, దొడ్డిలో రెండు పొట్టి ఆవులు. ఇంటికీ దొడ్డికీ మధ్య ఇనుప గ్రిల్లు. మొన్న వేసవిలో పక్క వీధిలో పట్టపగలే దొంగలు పడ్డారు. బీరువా ఊడ్చేసి, అడ్డొచ్చిన ముసలామెను తోసేశారు. ఆమె తుంటి విరిగింది. పోయిన బంగారం కంటే ఆ విరిగిన తుంటే మామను ఎక్కువ భయపెట్టింది. ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న ఇంజనీరు కాబట్టి నన్ను పిలిపించాడు.

టమాటా తోటల్లో అడవిపందులకు కట్టే కరెంటు తీగ ఆయనకు తెలుసు. అదే గ్రిల్లుకు కట్టమన్నాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే స్విచ్చి వేద్దామన్నాడు.

"ఉత్తింట్లో దూరేది మరిగినోడు రేపు మనుషులుండే ఇంట్లో గూడా దూరతాడు. అప్పుడు మీ అత్తను ఎవురు కాపాడతారు? నువ్వా?" అని నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. నా బరువు యాభై కిలోలు.

అత్త ఒప్పుకోలేదు. "నేను ఇంట్లో ఉండంగా వాడు కత్తి తీస్తే రోకలితో తల పగలగొడతా. ఆ పాపం నాకే రానీ. మనం లేనప్పుడు వాడు ఎవుర్ని ఏం సేస్తాడు? బీరువానే గదా ఊడ్సేది. బీరువా కోసం మనిషిని సంపుతావా?"

వాడి చావు వాడే తెచ్చుకుంటాడు, మనమేమీ పిలవలేదు గదా అన్నాడు మామ. తీగకు కండ్లుండాయా అని అడిగింది అత్త.

అక్కడ నేను కల్పించుకున్నాను. దొంగలు వెనక నుంచి వస్తారు, మనవాళ్లు ముందు నుంచి వస్తారు. స్విచ్చి ముందు వరండాలో పెడితే మనం వస్తూనే ఆపేస్తాం. దొంగ కూడా మర్యాదగా ముందు నుంచి వస్తే తనే ఆపుకోవచ్చు. మామ నవ్వాడు. వాదన అయిపోయింది. ఒక మనిషి ప్రాణం మీద తీర్పు ఇంత తక్కువ వైరుతో చెప్పేయవచ్చని అప్పటిదాకా నాకు తెలీదు. అత్త మాత్రం ఆ స్విచ్చి చచ్చినా ముట్టనని ఒట్టేసుకుంది.

నేను నీలం టేపు చుడుతుంటే పక్కింటి పరుపులు కుట్టే సాయిబు గోడ మీదుగా చూశాడు.

"సంపేదానికా, బెదిరించేదానికా?"

బెదిరించేదానికేలే భాయ్ అన్నాడు మామ. నేను టేపు వైపు చూస్తూ ఉండిపోయాను. కరెంటుకు బెదిరించడం రాదు. అది నేను పాసైన సబ్జెక్టే.

వారం తర్వాత ఒకసారి అందరం బయటికెళ్లి వచ్చేసరికి గ్రిల్లు దగ్గర ఒక పందికొక్కు చచ్చి పడి ఉంది. ముద్దాయి మీద పాత కేసులేమీ లేవన్నాను. మామ నవ్వాడు గానీ, నా జోకుకు నవ్వినట్టు లేదు. తీగ పనిచేస్తోందన్న తృప్తి అది. అత్త దాన్ని తీసుకెళ్లి దొడ్డిలో పూడ్చింది. ఆ రోజంతా మా ఇద్దరితో మాట్లాడలేదు.

ఆ నెలలోనే కుప్పంలో మామ పెదనాన్న పోయాడు. కబురు తెలియగానే అత్త ముందు రోజే వెళ్లింది. మామా నేనూ మర్నాడు పొద్దున ఆవులకు మేత వేసి, తాళాలు వేసి బయల్దేరాం. స్విచ్చి నేనే వేశాను. చావింటికి పోయినవాళ్ల ఇల్లు ఖాళీ అని దొంగలకు బాగా తెలుసట.

అంత్యక్రియలు అవుతూనే, పాలు పిండే వేళకు చేరాలని అత్త మా కంటే ముందు బస్సెక్కింది. మేం షామియానా కింద కూర్చున్నాం. బయల్దేరే చుట్టాలకు ఒక ముసలామె గేటు దగ్గర నిలబడి అందరికీ ఒకే మాట చెబుతోంది.

"ముందర వాకిట్లో కాలు పెట్టొద్దండి. ఎనక నుంచి పొయ్యి, నెత్తిన నీళ్లు పోసుకోని, తడిగుడ్డల్తోనే లోపలికి పోండి."

ఇది పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన విషయమే. కాళ్లకు చెప్పులున్న సంగతి తెలిసినంతగా తెలుసు. మామ వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నాడు.

అత్తకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది. స్నానం కానిదే ఫోనున్న సంచీ ముట్టదు. లెక్క ప్రకారం ఆమె ఇంటికి చేరి అరగంటయింది. రెండుసార్లు చేశాక మామ సాయిబుకు చేశాడు. అటునుంచి హలో అనగానే ఫోను నా చేతిలో పెట్టాడు. వరండాలో స్విచ్చి ఆపమన్నాను. గ్రిల్లు మాత్రం ముట్టొద్దన్నాను. పరిగెత్తే మనిషి ఊపిరి వినిపించింది. తర్వాత గేటు చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ఆపేసినా," అన్నాడు. "మీ అత్త తడిచీరతో పాలు పిండతా ఉండాది. పన్నెండు నుంచి ఈడ కరెంటే లేదు. లైను పనంట. బెదిరించేదానికేనంటిరే."

ఫోను పెట్టేశాడు.

కరెంటు ఆఫీసును నేను తిట్టని రోజు లేదు. ఆ రోజు మాత్రం వాళ్ల స్తంభానికి కొబ్బరికాయ కొట్టాలనిపించింది. ఈ మాట మామతో అనలేదు. పలమనేరులో బస్సు ఆగింది. మామ నీళ్ల సీసా కొన్నాడు, మూత తీయలేదు. అప్పుడు సాయిబు మళ్లీ చేశాడు. "కరెంటు వచ్చినాది," అని మాత్రం చెప్పి పెట్టేశాడు.

పుంగనూరు చేరేసరికి ఇంకా వెలుగుంది. మేమూ చావింటి నుంచే వచ్చాం. పక్క సందులోంచి దొడ్లోకి వెళ్లాం. తొట్టిలో నీళ్లు నెత్తిన పోసుకున్నాం. గ్రిల్లు మూసి ఉంది. నా నీలం టేపు కొత్తగా మెరుస్తోంది. స్విచ్చి ఆపేశారని ఇద్దరికీ తెలుసు. మామ చెయ్యి చాపాడు, మళ్లీ దించేశాడు.

"నువ్వు తెరువు. ఇంజనీరువి గదా."

పెద్దవాళ్లు ముందు అన్నాను. ఇద్దరమూ నవ్వలేదు. ఒంటి మీది నీళ్లు కాళ్ల కింద మడుగు కట్టాయి. మేం ఎదురుచూసిన దొంగ కూడా సరిగ్గా ఇక్కడే నిలబడేవాడు.

లోపల గిన్నె చప్పుడయింది. "ఎవురది?" అంది అత్త.

"నేనే," అన్నాడు మామ.

"ఎనక నుంచి వచ్చేటోళ్లు దొంగలంట గదా. మా ఇంట్లో ఇంజనీరు సెప్పినాడు."

సాయిబు ఆమెకు అంతా చెప్పేశాడన్నమాట. మామ తల దించుకున్నాడు. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి.

"పాలు పొయ్యి మీద ఉండాయి," అంది అత్త. "పొంగినాక వస్తా. అందాక ఆ తీగ ఉంచాల్నో తియ్యాల్నో తేల్చుకోండి."

కటింగ్ ప్లేయర్ యాడుందని మామ నన్ను అడిగాడు. ముందు వరండాలో, స్విచ్చి కిందే ఉందని చెప్పాను. చావింటి నుంచి వచ్చినవాడు ముందర వాకిట్లో కాలు పెట్టకూడదు. మామ మోకాళ్ల మీద కూర్చుని, గ్రిల్లుకు ముఖం ఆనించి, పళ్లతో టేపు కొరకడం మొదలుపెట్టాడు.

ఆ సబ్జెక్టు పాసైనవాణ్ణి కాబట్టి నేను ఒక అడుగు వెనక్కి వేశాను.