ఏడింటికి పోటు

కారు డిక్కీ తెరవగానే మడ బురద వాసన గుప్పుమంది. పోయిన ఆదివారం కడగకుండా పడేసిన రబ్బరు బూట్లవి. కుళ్ళిన ఆకు, ఉప్పు, కాస్త మురిగిన కోడిగుడ్డు అన్నీ కలిసిన వాసన. మలేషియాలో, సైబర్‌జయలో మా అపార్ట్‌మెంటు కింద కారు పెట్టుకుంటున్న పక్కింటావిడ ముక్కు మూసుకుని గబగబా వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, ఒక మనిషి వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ఆయన మా సిమ్మాద్రి మావ.

బూట్లు పైకి తెచ్చి కడుగుతుంటే ఫోన్ మోగుతూనే ఉంది. వచ్చే నెల మా పాత ఆఫీసువాళ్ళం పన్నెండు మందిమి కువాలా సెలాంగోర్ వైపు మడ అడవిలోకి కయాక్ పడవలు వేసుకుని వెళ్దామనుకుంటున్నాం. ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. ఎవరు ఏ కారులో, ఎవరికి ఈత రాదు, తినడానికి నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలా రొట్టెలా, అన్నీ గ్రూపులో తెగ నలుగుతున్నాయి. హాయిగా టిఫిను తినేసి పదింటికి మొదలుపెడదామని ఎవరో రాశారు. దాని కింద రవీంద్రన్ ఇలా రాశాడు: "ఎన్నింటికైనా సరే. ఈసారి మాత్రం ఆ ముసలాయన లాంటి వాళ్ళని నమ్మొద్దు. టైం తప్పు చెప్పి మనల్ని బురదలో కూర్చోబెట్టాడు, గుర్తుందా?" ఆ కింద వరసగా నవ్వు బొమ్మలు.

రవీంద్రన్ అప్పట్లో మా టీమ్ లీడర్. మంచివాడే. కానీ అతను రాసింది నిజం కాదు. ఆ సంగతి ఈ గ్రూపులో నాకొక్కదానికే తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. చేతిలో బూటు అలాగే పట్టుకుని బాత్‌రూమ్ గడప మీద కూలబడ్డాను.

సిమ్మాద్రి మావది మా సొంతూరు బటాంగ్ బెర్జుంటైలో మా పక్కిల్లు. ఊరి బోర్డు మీద పేరు మారి చాలా కాలమైంది గానీ మా నోళ్ళలో ఆ పాత పేరే ఉండిపోయింది. మావ కుర్రతనంలో రబ్బరు పాలు తీశాడు, తర్వాత అదే తోటలో పామాయిల్ గెలలు కోశాడు. ఆదివారం వస్తే చాలు, చిన్న పడవ వేసుకుని పీతల కోసం మడలోకి పోయేవాడు. ఆయన తాత భీమిలి దగ్గర సముద్రం మీద బతికి, ఓడెక్కి వచ్చి రబ్బరు చెట్ల మధ్య పడ్డ మనిషి. నీళ్ళ పిచ్చీ నీళ్ళ మాటలూ ఆ తాత నుంచి మావకు వచ్చాయి. మా ఇల్లు వేరే రకం. మా తాత తోటలో గుమాస్తా. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో తమిళం, బజారులో మలయ్. తెలుగు మాకు వంటింటి దాకా, ఒంటి నొప్పుల దాకా మిగిలింది. అమ్మమ్మ రోజుకోసారి తలపోటు అని మూలిగేది. నాకు తెలిసిన పోటు అదొక్కటే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసువాళ్ళు కయాకింగ్ అనగానే మా మావ తీసుకెళ్తాడని గొప్పగా చెప్పేశాను. ఓ వారం ముందు ఆయన నన్ను రేవుకు తీసుకెళ్ళాడు. నా చేతిలో పొడుగాటి ప్రశ్నల జాబితా ఉంది. మావ దానివంక కూడా చూడలేదు. నీటి అంచున ఒక కర్ర పాతి, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి, "కూకో" అన్నాడు.

"దేనికి మావా?"

"నీళ్ళేటి సేస్తన్నాయో సూడు."

కూర్చున్నాను. కాసేపు విసుగ్గానే ఉంది. తర్వాత బురద మీద చేపలు గెంతడం కనబడింది. వేలెడంత పీత ఒకటి, ఒంటికి మించిన ఎర్రటి కొండి ఎత్తి ఎవరినో రమ్మన్నట్టు ఊపుతోంది.

"ఆ పీత ఎవుల్ని పిలస్తందో సెప్పు."

"నాకేం తెలుసు?"

"నాకూ తెల్దు లా! అరవయ్యేళ్ళబట్టి సూస్తన్నాను" అని, ఇక్కడి మలయ్ వాళ్ళలాగే మాట చివర ‘లా’ తగిలించి, మావ పకపకా నవ్వాడు. తెలియదు అన్న మాటని అంత సంబరంగా చెప్పిన పెద్దమనిషిని నేను అంతవరకూ చూడలేదు. తిరిగి చూసేసరికి మా కర్ర మోకాలి లోతు నీళ్ళలో ఉంది. నీళ్ళు ఎప్పుడు పెరిగాయో నాకు తెలియనే లేదు.

లేచి వస్తూ మావ అన్నాడు: "ఆదివారం ఏడింటికి పోటు. దాన్ని సూసుకుని రమ్మను నీవోళ్ళని."

పాపం, ఈయనకు ఏదో జబ్బుంది, దాచుకుంటున్నాడు అనుకున్నాను. నాకొచ్చిన నాలుగు ముక్కల తెలుగులో, "ఎక్కువగా ఉంటుందా మావా?" అని అడిగాను.

"గట్టిగానే ఉంటాది. అమాస ఎల్లిన మర్నాడు గదా."

అమావాస్యకు నొప్పులు ముదురుతాయని అమ్మమ్మ కూడా అనేది. "ఎంతసేపు?"

"ఓ అరగంట నిలబడతాది. తరవాత దిగిపోద్ది."

డాక్టరుకు చూపించుకున్నావా అని అడుగుదామంటే మాటలు కుదరలేదు. తప్పుగా మాట్లాడితే నవ్వుతాడేమోనని ఊరుకున్నాను. నీళ్ళ వేళలకు పట్టికలుంటాయని అప్పటికి నాకు తెలియదు. ఆయన నొప్పి పూర్తిగా తగ్గనిద్దామని, పెద్దాయన ఒంటి సంగతి పదిమందికీ చెప్పడమెందుకని, "అంకుల్ తొమ్మిదిన్నరకు రమ్మన్నారు" అని మాత్రం గ్రూపులో రాసేశాను.

ఆదివారం మేం వెళ్ళేసరికి మావ రేవులో నిలబడి ఉన్నాడు. తెల్లవారకముందు నుంచీ అక్కడే ఉన్నాడట. "ఏటమ్మీ, నీళ్ళన్నీ ఎలిపోతంటే ఇప్పుడొచ్చినారేటి?" అన్నాడు. నేను సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేటి?"

"నీ పోటుకి మావా. తగ్గిందా?"

మావ ఆ అట్టను చూశాడు, నన్ను చూశాడు, కిందికి జారిపోతున్న నీళ్ళను చూశాడు. మిగతావాళ్ళ వైపు తిరిగి, ఈ రోజు వద్దు అని మలయ్‌లో చెప్పాడు. రవీంద్రన్ ఒప్పుకోలేదు. ఇంతదూరం వచ్చాం, ఒక్క గంటలో వచ్చేస్తాం అన్నాడు. కయాక్‌లు దించేశారు. వాళ్ళను ఒంటరిగా పంపలేక మావ తన పడవ వేసుకుని వెనకే వచ్చాడు.

గంట తిరక్కుండానే పాయ ఎండింది. కయాక్‌లన్నీ బురద మీద కూర్చున్నాయి. కాలు దింపితే తొడ దాకా దిగబడుతోంది. నీళ్ళు తిరిగొచ్చేదాకా, దాదాపు ఐదు గంటలు, నడినెత్తిన ఎండ. సూ మే అనే అమ్మాయికి వడదెబ్బ తగిలి వాంతులయ్యాయి. మావ తన టోపీ ఆమెకిచ్చి, తాగే నీళ్ళు అందరికీ గుక్కలు లెక్కగా పంచి, పీతలను చూపిస్తూ కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. ఆఖరికి రవీంద్రన్ ఉండబట్టలేక, "టైం చెప్పింది మీరే కదా అంకుల్?" అన్నాడు.

మావ నా వైపు చూడలేదు. "అవును లా, తప్పు నాదే. ముసలితనం, టైం తప్పు చెప్పేశాను" అన్నాడు మలయ్‌లో. నేను నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. అంతే, అదే నేను చేసింది.

మాట ఎలా పాకిందో గానీ పాకింది. మా తెలుగు సంఘం పిల్లలను మడలోకి తీసుకెళ్ళాల్సింది ఆ నెల మావే. సంఘంవాళ్ళు వేరేవాళ్ళను పిలిచారు. నీళ్ళ సంగతంటే ఏళ్ళ తరబడి ఊరంతా ఆయన్నే అడిగేది. నావల్ల ఆయన టైం తెలియని ముసలాయనైపోయాడు.

మరుసటి వారం ఏడుస్తూ వెళ్ళాను. మావ పెరటి మెట్ల మీద పీతల బుట్ట బాగుచేసుకుంటున్నాడు. "అందరికీ నిజం చెప్పేస్తాను మావా" అన్నాను.

"ఆగు. ముందు నాకోటి సెప్పు. నీళ్ళు పెరిగితే మీ ఇంట్లో ఏటంటారు?"

"పసాంగ్ అంటాం. మలయ్‌లో."

"తగ్గితే?"

"సురుత్."

మావ చేతిలో బుట్ట పక్కన పెట్టాడు. కోపం కాదు. ఆ కొండి ఊపే పీతను చూసినట్టే నన్ను చూస్తున్నాడు. "పెరిగితే పోటు, తగ్గితే పాటు. మా తాత మాటలియి. అయితే ఈ ఊళ్ళో ఇయి నా నోట్లోనే ఉండిపోనాయన్నమాట!"

"చెప్పనీ మావా."

"సెప్తే ఆళ్ళు నవ్వుతారు. నవ్వితే నువ్వు మరి తెలుగులో నోరిప్పవు. నాకు మాటాడ్డానికి ఇంకెవులున్నారే?"

ఆ తర్వాత ఊరికి వెళ్ళినప్పుడల్లా ఒక మాట. ఒడ్డుకు కొట్టే నీటికొకటి, వెనక్కి లాగే నీటికొకటి. సంఘం వాళ్ళ తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని ఇరవయ్యారేళ్ళప్పుడు అ ఆలు దిద్దాను. ఇప్పుడిలా తెలుగులో రాస్తున్నానంటే ఆ మాత్రల అట్ట పుణ్యమే. మావ పోయి రెండేళ్ళయింది. ఆయన వద్దన్నాడు కాబట్టే చెప్పలేదని ఇన్నాళ్ళూ నన్ను నేను సముదాయించుకున్నాను. అసలు సంగతి, చెప్పకపోవడం నాకు సుఖంగా ఉంది. ఆయన లేకుండా పోయాక కూడా ఆ తప్పు ఆయనే మోస్తున్నాడు.

బూట్లు ఎండలో పెట్టి, చేతులు తుడుచుకుని, గ్రూపులో ఇంగ్లీషులో రాశాను. పోయిన ఆదివారం రేవులో కర్ర పాతి చూసి వచ్చానని, పట్టికతో కూడా సరిచూశానని, మనం వెళ్ళే రోజు ఏడింటికి నీళ్ళు నిండుతాయని, ఆరున్నరకల్లా అందరూ రేవులో ఉండాలని, టిఫిను తిరిగొచ్చాకేనని రాశాను. దాని కింద ఇంకో నాలుగు ముక్కలు. "ఆ రోజు టైం తప్పింది ఆయన కాదు, నేను. ఆయన ఏడింటికి పోటు అన్నాడు. ఆ తెలుగు మాటకు అర్థం నొప్పి అనుకున్నాను. తొమ్మిదిన్నర అన్నది నేనే. ఆయన పేరు సిమ్మాద్రి."

ఈసారి నవ్వు బొమ్మలు రాలేదు. తర్వాత రవీంద్రన్ రాశాడు: "ఆ రోజు ఆయన చేతిలో మాత్రలు చూశాను. ఎందుకా అనుకున్నాను." ఇంకాసేపటికి, "ఆ మాటేమిటి? ఇంకోసారి చెప్పు" అన్నాడు.

తెలుగు అక్షరాల్లో కొట్టి చెరిపేశాను. అతను చదవలేడు. రికార్డు నొక్కి, "పెరిగితే పోటు, తగ్గితే పాటు" అన్నాను. నా గొంతే అయినా పలికిన తీరు మావదే.

రెండు నిమిషాల తర్వాత అతని గొంతు వచ్చింది. పోటు, పోటు అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి సరిగ్గా పలికాడు.