బాపు తెచ్చిన కీమా మిషన్

కొత్త కీమా మిషన్ డబ్బా విప్పగానే ముందు అట్టపెట్టె వాసన వస్తుంది, దాని వెనకే థర్మకోల్ వాసన, ఆ రెండూ తేలిపోయాక ఇనుముకు తుప్పు పట్టకుండా పూసిన నూనె వాసన మెల్లగా ముక్కుకు తగులుతుంది. మొన్న ఆదివారం పొద్దున మలక్‌పేటలో, మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉన్న వంటసామాన్ల దుకాణంలో, డబ్బా మీదకు వంగి ఆ నూనె వాసన పీలుస్తుంటే దుకాణం ఆయన నన్ను వింతగా చూశాడు. మిక్సీలో వేస్తే మాంసం ముద్దవుతోంది, అద్దాల కౌంటర్లో తెల్లటి ట్రేలలో పెట్టి అమ్మే కీమాలో ఏమేం కలిసిందో తెలియడం లేదు, ఇంట్లోనే పట్టుకుందామని మా ఆయనను వెంటబెట్టుకొని కరెంటు మిషన్ కొనడానికి వెళ్లాను. దుకాణం ఆయన మూడు రకాలు తెచ్చి వరసగా పెట్టాడు. ఒకటి పెద్దది, తళతళలాడేది. ఇంకొకటి గిన్నె అడుగున కత్తులుండేది. మూడోది చిన్నది, చూడ్డానికి సాదాగా ఉన్నా ఎత్తితే బరువైనది.

"జర విప్పి చూపిస్తరా?" అని అడిగాను.

"ఏం విప్పాలె మేడమ్?"

"లోపలి కత్తి. దాన్ని తిప్పే పండ్లచక్రాలు గూడ."

"గిన్నేండ్ల సంది అమ్ముతున్న, గట్ల ఎవ్వలడగలే. అందరు రేటు అడుగుతరు, గ్యారంటీ అడుగుతరు, తీస్కపోతరు."

"ఆమె గంతే భాయ్. ఫ్రిజ్ కొన్ననాడు గూడ ఎనక్కి తిప్పిచ్చి చూసింది," అన్నాడు మా ఆయన, కుర్చీ వెతుక్కుంటూ.

దుకాణం ఆయన స్క్రూడ్రైవర్ కోసం లోపలికి వెళ్లాడు. నా చిన్నతనంలో పురానాపూల్‌లో మా ఇంట్లో జరిగిన సంగతి ఆయనకు తెలిసుంటే నా మీద అంత ఆశ్చర్యపోయేవాడు కాదు.

మాది వంతెన దిగి జుమ్మేరాత్ బజార్ వైపు తిరిగే గల్లీలో రెండు గదుల పెంకుటిల్లు. గల్లీ మూల మీద పదిళ్లకు కలిపి ఒక నల్లా, వాకిట్లో బట్టలుతికే బండ, వెనక గోడ అవతల పాలవాళ్ల బర్రెల కొట్టం. వానకాలం మొదలైతే తడిసిన గడ్డి, పేడ, మూసీ మీదుగా వచ్చే గాలి, ఎవరింట్లోనో వేగుతున్న మిరపకాయ బజ్జీల నూనె, ఇవన్నీ కలిసిపోయి ఏది ఏ వాసనో విడదీయలేని ఒకే వాసనగా మా వాకిట్లో నిలబడేది. మా నాన్న, మేం బాపు అని పిలిచేవాళ్లం, ట్రంకుపెట్టెలు చేసే కార్ఖానాలో రేకు కొట్టేవాడు. వారమంతా సుత్తె చప్పుడులో ఉండి ఉండి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క సరదా బేస్తారం నాడు, అంటే గురువారం, జరిగే పాతసామాన్ల సంత. పని నుంచి నేరుగా అటు పోయి, ముల్లు లేని గడియారమో, మూత లేని ఫ్లాస్కో, మీట ఊడిన రేడియోనో చంకలో పెట్టుకొని గెలిచి వచ్చినవాడిలా ఇల్లు చేరేవాడు. అమ్మ వాటిని మంచం కిందికి తోసేది.

మాతో పాటు బాపమ్మ ఉండేది, బాపును కన్నతల్లి. పొడుగు మనిషి, గట్టి మనిషి, మాంసం అంటే ప్రాణం. ఆదివారం నాడు బొక్కలోని మూలుగను పీల్చి తీసే పద్ధతి నాకూ మా తమ్ముళ్లిద్దరికీ నేర్పింది ఆమే. అలాంటిది, నాకు పదేళ్లున్నప్పుడు ఆమె చిగుళ్లు వాచి, ఒక్క చలికాలంలో పండ్లన్నీ పీకేశారు. కట్టుడు పండ్లు పెట్టించుకొమ్మంటే, అవి ఎవరో సచ్చినోళ్లవేమోనని ఆమె అనుమానం. చెప్పి చెప్పి బాపు ఊరుకున్నాడు.

ఆ తరువాత ఆదివారం వస్తే బాపమ్మ ఇంట్లో ఉండేది కాదు. కూర ఉడికే వేళకు కొంగు భుజాన వేసుకొని పాలవాళ్లింటికి పోయి బర్రెల దగ్గర కూర్చునేది. మేం తినడం అయిపోయాక వచ్చి మజ్జిగన్నం పిసికించుకొని తినేది. అమ్మ ఆమె కోసం మెత్తటి ముక్కలు ఏరి రోట్లో దంచి పెట్టింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకొని, "పసిపోరగాండ్లకు పెట్టే గుజ్జు లెక్కున్నది, నాకద్దు," అని కంచం జరిపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను మొదటిసారి చూశాను.

మాంసం దుకాణంలో కీమా కొట్టించుకోవచ్చు కదా అని మీరనవచ్చు. మేం తెచ్చేది బొక్కలతో కలిపి అర్ధకిలో. ఆ బొక్కల చారుతోనే ఆరుగురికి సరిపోవాలి. పైగా మా గల్లీ చివర మాంసం కొట్టే మస్తాన్ భాయ్ ఆదివారం రద్దీలో కిలోకు తక్కువైతే కీమా కొట్టేవాడు కాదు. అందుకే ఒక బేస్తారం నాడు బాపు గోనెసంచిలో ఒక బరువైన ఇనుప వస్తువు తెచ్చి మా నడుమ పెట్టినప్పుడు ఈసారి అమ్మ కూడా వంగి చూసింది. పైన గరాటులాంటి నోరు, పక్కన తిప్పే పిడి, కింద బల్లకు బిగించే మర, ముందు చిల్లుల పలక. చేతితో తిప్పే కీమా మిషన్.

"అమ్మా, ఇగ ఐతారం నువ్వు ఏడికి పోకు," అన్నాడు బాపు బాపమ్మతో.

ఆ ఆదివారం వాకిట్లో చిన్నపాటి జాతర. మా ఇంట్లో బల్ల లేదు గనుక చెక్క స్టూలుకు మిషన్ బిగించి, అది తిరగబడకుండా నన్ను ఆ స్టూలు మీద బరువుగా కూర్చోబెట్టారు. అమ్మ ముక్కలు వేస్తుంటే బాపు చొక్కా చేతులు మడిచి పిడి తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు, మెడ నరాలు పొంగేదాకా తిప్పాడు. చిల్లుల్లోంచి ముందు ఎర్రటి నీళ్లు కారాయి, తరువాత బూడిదరంగు ముద్ద ఒకటి బయటికి రావాలా వద్దా అన్నట్టు వచ్చి ఆగింది, ఆ తరువాత పిడి బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపల నరాలన్నీ ఉన్నిదారం ఉండలా చుట్టుకొని ఉన్నాయి. చూడవచ్చినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాపమ్మ కొంగు సర్దుకొని లేచి పాలవాళ్లింటి వైపు నడిచింది.

"ఎక్కడి చెత్తంత మనింటికే. వచ్చే బేస్తారం అమ్మినోనికే ఇచ్చిరా," అంది అమ్మ.

గట్టిగా మాట్లాడే బాపు అంత మెల్లగా మిషన్ కడిగి గోనెసంచిలో పెడుతుంటే నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, బాధ కన్నా నన్ను ఎక్కువ కుదురుగా కూర్చోనీయనిది ఒక ప్రశ్న. ఇంత ఇనుము, ఇంత మర, ఇన్ని చిల్లులు పెట్టి ఎవరో పనిగట్టుకొని చేసిన మిషన్ మాంసాన్ని ఎందుకు కోయదు?

మంగళవారం బడి నుంచి వస్తూ మస్తాన్ భాయ్ దుకాణం ముందు ఆగాను. ఎవరిదో పెళ్లికి ఆర్డరేమో, చింతమొద్దు మీద రెండు కత్తులతో కీమా కొడుతున్నాడు. ఒక చేయి లేస్తుంటే ఇంకొకటి దిగుతోంది, ఆ టకటకలో ఎక్కడా ఎడం లేదు. ఈగలు తోలుకుంటూ చాలాసేపు చూశాను. ఆయన కీమా పొడిపొడిగా, ఏ పలుకుకాపలుకు విడిగా ఉంది.

"భాయ్, మీది ఎందుకు ముద్ద కాదు?"

ఆయన కత్తులాపి నవ్వాడు. మా మిషన్ సంగతి గల్లీ అంతా తెలిసిపోయినట్టుంది. కత్తిని మొద్దు మీద ఆనించి, తరువాత వేలెడు పైకి లేపి చూపించాడు. "దేఖో బేటీ, కత్తి మొద్దుకు తాకాలె. నడుమ సందుంటే గోష్ తెగదు, నలుగుతది. గంతే, ఇంకేం జాదూ లేదు."

ఇంటికి వచ్చేదాకా ఆ మాట నమిలాను. మిషన్లో కత్తి ఉంది. మరి మొద్దు ఏది?

బుధవారం బడికి సెలవు. అమ్మ నల్లా దగ్గర వరసలో ఉన్నప్పుడు గోనెసంచి విప్పి మిషన్ ముక్కలన్నీ చాప మీద పరిచాను. మరచుట్టు ఇనుపకడ్డీ, నాలుగు రెక్కల కత్తి, చిల్లుల పలక, పైనుంచి బిగించే చుట్టు. కత్తిని అరచేతిలో పెట్టి చూస్తే ఒక వైపు రెక్కలు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి, ఇంకో వైపు అద్దంలా చదునుగా, అంచులు వేలికి గీరుకునేటట్టు ఉన్నాయి. ఆదివారం బాపు ఉబ్బు వైపును పలకకు పెట్టి బిగించడం నాకు గుర్తుంది. చదును వైపు లోపలికి పోయింది. అంటే కత్తి పలకకు తాకనే లేదు. ఆ చిల్లుల పలకే మొద్దు! నేను అందులో ఎంత మునిగిపోయానంటే, వెనక బాపమ్మ వచ్చి నిలబడ్డది కూడా వినపడలేదు.

"ఏంది పిల్లా, మీ అమ్మ సూస్తె ఈపు సాప్ జేస్తది!"

దొరికిపోయాను గనుక గబగబా అంతా చెప్పేశాను. కత్తి, పలక, మస్తాన్ భాయ్, సందు. బాపమ్మ కత్తి తీసుకొని చదును వైపు బొటనవేలితో రాసి చూసింది. "జర మొద్దువారింది," అంటూ వాకిట్లో బట్టలుతికే బండ మీద నీళ్లు చల్లి, దాన్ని గుండ్రంగా, ఓపికగా నూరింది. అది మెరిశాక నా చేయి పట్టుకొని, "నడువు," అంది.

పండ్లు పోయినప్పటి నుంచి ఆమె మాంసం దుకాణం మెట్టు తొక్కలేదు. ఆ రోజు తొక్కింది.

"సలాం అమ్మా, శానా దినాలైంది," అన్నాడు మస్తాన్ భాయ్ లేచి నిలబడి.

"పావుకిలో. మెత్తది. ఒక్క నరముండద్దు," అంది బాపమ్మ, పాత అధికారంతో.

ఇంటికొచ్చి కత్తి చదును వైపు పలకకు తాకేటట్టు బిగించాక ఆమె స్టూలు మీద కూర్చుంది, నేను తిప్పాను. ఒక చుట్టు, రెండు చుట్లు, ఏమీ రాలేదు. మూడో చుట్టుకు పలక చిల్లులన్నింటి నుంచీ ఒక్కసారిగా ఎర్రటి సేమ్యాలు బయలుదేరి గిన్నెలోకి జారాయి. పిడి ఎంత తేలికగా తిరిగిందంటే నేను భయపడి ఆపేశాను. బాపమ్మ వంగి చూసి, ఒక్క పన్ను లేని నోరంతా తెరిచి నవ్వింది. నీళ్ల బిందెతో వచ్చిన అమ్మ గడపలోనే ఆగిపోయింది.

సాయంత్రం బాపు వచ్చేసరికి ఇల్లంతా మెంతికూర, అల్లం, పుదీనా, వేగిన ఉల్లిగడ్డ వాసన. బాపమ్మ కంచం ముందు కూర్చొని, చిగుళ్లతోనే నిదానంగా నములుతూ రెండోసారి వడ్డించుకుంటోంది. ఆయన చెప్పులు విప్పకుండానే మిషన్ దగ్గరికి పోయి, విప్పి, కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవలు జేసిన్రు?"

"నీ బిడ్డ," అంది బాపమ్మ, తల ఎత్తకుండా.

బాపు కత్తిని మళ్లీ బిగించి, మళ్లీ విప్పాడు. కోపమొచ్చిందేమోనని నేను తలుపు చాటుకు జరిగాను. రేకును సుత్తెతో కొట్టి పెట్టెలు చేసే మనిషికి, పదేళ్ల పిల్ల కత్తి తిరగేసి పెట్టి చూపిస్తే మనసులో ఏమనిపించిందో నాకు ఈనాటికీ పూర్తిగా తెలియదు. మరునాడు బేస్తారం. సాయంత్రం ఆయన ఖాళీ గోనెసంచి దులిపి భుజాన వేసుకొని గడప దాటి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"బిడ్డా, చెప్పులేస్కో. ఏదన్న కొనే ముంగట జర నువ్వు సూడాలె."

అలా సంతకు నేనూ పోవడం మొదలైంది. బోనాల మరుసటి రోజు బంధువులు నిండిన వాకిట్లో బాపమ్మ నడుమ కూర్చొని కీమా ఉండలు తిన్నది. ఆ తరువాత ఆదివారాలు బర్రెల కొట్టం వైపు పోనేలేదు, బతికున్న ఏడేళ్లూ.

దుకాణం ఆయన స్క్రూడ్రైవర్‌తో వచ్చి మూడింటినీ విప్పాడు. తళతళలాడే పెద్దదాని లోపల పండ్లచక్రాలు ప్లాస్టిక్‌వి. బొక్క ముక్క ఒకటి తగిలితే వాటి పండ్లూ రాలతాయి. గిన్నె రకంలో కత్తి గాలిలో తిరుగుతుంది, అది ఆనుకోవడానికి ఏమీ లేదు, అది మిక్సీకి చెల్లెలు. చిన్నదానివి ఇనుప చక్రాలు, ఇరుక్కుంటే వెనక్కి తిప్పే మీట ఉంది, నోరు వేళ్లు పట్టనంత ఇరుకు, లోపలికి తోయడానికి వేరే కట్టె ఇచ్చారు. చేతి మిషన్ మన చేయి ఆగితే ఆగుతుంది, కరెంటుది ఆగదు కదా. కత్తి చదును వైపు ఎటో చూసి బిగించి, దాన్నే తీసుకున్నాను. అప్పటికి దుకాణం ఆయనకు కూడా సరదా పుట్టి, కత్తిని వెలుతురుకు పెట్టి తానూ ఒకసారి చూశాడు.

మాంసం మాత్రం పురానాపూల్ దాకా పోయి తెచ్చాను. మా ఇల్లున్న చోట మూడంతస్తుల గోదాము. బర్రెల కొట్టంలో స్కూటర్లు నిలబెడుతున్నారు. మస్తాన్ భాయ్ దుకాణంలో ఎవరో ఉన్నారు, ఆయన పేరు చెబితే తెలియదన్నారు. అక్కడా గోడకు కరెంటు మిషన్, మూలన నీలంరంగు ప్లాస్టిక్ పలక. రెండు కత్తులు ఎడం లేకుండా కొట్టే ఆ టకటక గల్లీ మొత్తం నడిచినా ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి ముక్కలు కోసి, నరాలు తీసి, మీట నొక్కాను. మా ఆయన లుంగీ ఎగగట్టి, చేతులు సబ్బుతో కడుక్కొని తుడుచుకొని వంటింట్లోకి వచ్చేసరికి అర్ధకిలో గిన్నెలో ఉంది, మిషన్ ఆగిపోయి ఉంది.

"అయిపాయెనా? మరి నేనేం జెయ్యాలె?" అన్నాడు, తువాలు చేతిలో పట్టుకొని, కొంచెం చిన్నబోయి.

"ఉల్లిగడ్డలున్నయి. కూసోండ్రి, కోద్దురు గానీ," అన్నాను పీట జరిపి.

ఆయన కూర్చున్నాడు. నేనూ ఎదురుగా కూర్చొని మెంతికూర తుంచాను. మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా కోశాడు. ఉల్లిగడ్డలు కూడా ఆ మిషన్లోనే తరగొచ్చని డబ్బా మీద బొమ్మ వేసి ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.